తేలికైన డెస్క్‌టాప్‌లో నోటిఫికేషన్లు పెట్టుకోవడం ఎలా? పాత ల్యాప్‌టాప్ వాడే పిల్లలకు, తల్లిదండ్రులకు

తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం కింద అన్నయ్యకో అక్కకో వచ్చిన మెషిన్ మీ ఇంట్లో ఇంకా ఉందా? లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నారా? ఇలాంటి పాత ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ తక్కువ. పెద్ద డెస్క్‌టాప్ వేస్తే నత్తనడక నడుస్తాయి. అందుకే చాలామంది డెబియన్ లినక్స్ వేసి, దానిమీద ఓపెన్‌బాక్స్, ఐ3, ఐస్‌డబ్ల్యూఎం లాంటి తేలికైన విండో మేనేజర్ ఒక్కటే పెట్టుకుంటున్నారు. మెషిన్ మళ్లీ చురుగ్గా నడుస్తుంది.

అయితే ఒక ఇబ్బంది ఉంది. విండో మేనేజర్ చేసే పని విండోలను తెరవడం, జరపడం, మూయడం. అంతే. పెద్ద డెస్క్‌టాప్‌లో తెర మూలన వచ్చే చిన్న పెట్టె, అంటే "బ్యాటరీ తక్కువగా ఉంది", "డౌన్‌లోడ్ అయిపోయింది" అని చెప్పే నోటిఫికేషన్, ఇక్కడ దానంతట అది రాదు. ప్లస్ టూ ప్రాజెక్టు రెండు గంటలుగా టైపు చేస్తూ ఒక్కసారీ సేవ్ చేయలేదనుకోండి. హెచ్చరిక రాదు, తెర ఒక్కసారిగా నల్లబడుతుంది, రాసింది పోతుంది.

దీన్ని సరిచేయడం అరగంట పని. కింద చెప్పినవన్నీ డెబియన్, ఓపెన్‌బాక్స్ ఉన్న మెషిన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మీది లుబుంటు, జుబుంటు లాంటిదైతే నోటిఫికేషన్ల ఏర్పాటు ముందే ఉంటుంది. మీరు తెలుగు అక్షరాల భాగం, బ్రౌజర్ భాగం చదివితే చాలు.

నోటిఫికేషన్ ఎలా వస్తుంది?

ఉత్తరం సంగతి గుర్తు తెచ్చుకోండి. రాసేవారు ఒకరు, మోసే తపాలా ఒకటి, అందుకునే ఇల్లు ఒకటి. ఇక్కడా అంతే.

- రాసేది: బ్రౌజర్, మెయిల్ ప్రోగ్రామ్, బ్యాటరీని గమనించే ప్రోగ్రామ్ లాంటివి.
- మోసేది: డీ-బస్. లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి ఇదే. దాదాపు ప్రతి డెబియన్ డెస్క్‌టాప్‌లోనూ ఇది ముందే ఉంటుంది.
- అందుకునేది: నోటిఫికేషన్ సర్వర్. వచ్చిన మాటను పెట్టెలో పెట్టి తెరమీద చూపించేది ఇదే.

ఓపెన్‌బాక్స్ ఒక్కటే ఉన్న మెషిన్‌లో మూడోది ఉండదు. ఉత్తరం బయల్దేరుతుంది, తీసుకోవడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. పంపిన ప్రోగ్రామ్ ఆ సంగతి మీకు చెప్పదు. తన పని తాను చేసుకుపోతుంది. అందుకే లోపం ఉందని తెలియడమే కష్టం. పైగా చాలాసార్లు మొదటిది కూడా ఉండదు. బ్యాటరీని గమనించే ప్రోగ్రామే లేకపోతే హెచ్చరిక రాసేదెవరు? కాబట్టి మనం పెట్టాల్సినవి రెండు: అందుకునేది, రాసేది. రెండూ పెట్టాక పరీక్షించి చూసుకోవాలి.

అందుకునే ప్రోగ్రామ్‌లు చాలానే ఉన్నాయి. మనం డన్‌స్ట్ అనేదాన్ని తీసుకుందాం. చాలా చిన్నది, ర్యామ్ పెద్దగా తినదు, ఏ విండో మేనేజర్‌తోనైనా నడుస్తుంది.

కమాండ్లు చదివే పద్ధతి

ఈ పేజీలో కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. స్పెల్లింగులు ఇవీ:

- సుడో: ఎస్ యు డి ఓ
- ఏపీటీ: ఎ పి టి
- డన్‌స్ట్: డి యు ఎన్ ఎస్ టి
- లిబ్‌నోటిఫై-బిన్: ఎల్ ఐ బి ఎన్ ఓ టి ఐ ఎఫ్ వై, అడ్డగీత, బి ఐ ఎన్
- నోటిఫై-సెండ్: ఎన్ ఓ టి ఐ ఎఫ్ వై, అడ్డగీత, ఎస్ ఇ ఎన్ డి
- డన్‌స్ట్‌సీటీఎల్: డన్‌స్ట్ స్పెల్లింగ్ వెంటనే, ఖాళీ లేకుండా, సి టి ఎల్
- సీబ్యాట్‌ఐకాన్: సి బి ఎ టి టి ఐ సి ఓ ఎన్
- పీకిల్: పి కె ఐ ఎల్ ఎల్

కమాండ్‌లో అడ్డగీత, కొటేషన్ గుర్తులు ఎక్కడుంటే అక్కడే పెట్టండి. ఖాళీలు కూడా అంతే.

మెట్టు 1: ఇన్‌స్టాల్ చేసి పరీక్షించడం

నెట్ కనెక్షన్ ఉన్నప్పుడు టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ డన్‌స్ట్ లిబ్‌నోటిఫై-బిన్

ఇందులో డన్‌స్ట్ అందుకునేది. లిబ్‌నోటిఫై-బిన్ మనకు నోటిఫై-సెండ్ అనే కమాండ్ ఇస్తుంది. దాంతో మనమే ఒక నోటిఫికేషన్ పంపి చూడొచ్చు. ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. తర్వాత:

నోటిఫై-సెండ్ "నమస్కారం" "ఇది పరీక్ష మాత్రమే"

తెర కుడివైపు పైన చిన్న పెట్టె వస్తే అందుకునే ఇల్లు తయారైనట్టే. మొదటి కొటేషన్‌లో ఉన్నది శీర్షిక, రెండోది విషయం. టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు విడివిడిగా, అడ్డదిడ్డంగా కనిపిస్తే కంగారు పడకండి. చాలా టెర్మినల్‌లలో అలాగే ఉంటుంది. పెట్టెలో ఎలా వచ్చిందన్నదే లెక్క.

మెట్టు 2: లాగిన్‌తో పాటే మొదలయ్యేలా

డెబియన్‌లో మొదటి నోటిఫికేషన్ రాగానే డీ-బస్ తానే డన్‌స్ట్‌ను లేపుతుంది. అయినా ఓపెన్‌బాక్స్ మొదలయ్యేటప్పుడే దాన్ని కూడా మొదలుపెట్టమని చెప్పడం మంచిది. అప్పుడు అనుమానం ఉండదు.

ఫైల్ మేనేజర్‌లో మీ హోమ్ ఫోల్డర్ తెరవండి. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి. అందులో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్, దాంట్లో ఓపెన్‌బాక్స్ ఫోల్డర్, దాంట్లో ఆటోస్టార్ట్ అనే ఫైలు. లేకపోతే అదే పేరుతో కొత్తది చేసుకోండి. అందులో ఒక కొత్త లైను చేర్చండి:

డన్‌స్ట్ &

చివర ఉన్న & గుర్తు మరిచిపోవద్దు. అది లేకపోతే ఆ ప్రోగ్రామ్ ముగిసేదాకా కింది లైన్లు ఆగిపోతాయి. అంటే ఆ కిందున్న ప్యానెల్, వాల్‌పేపర్ లాంటివి రావు.

మెట్టు 3: తెలుగు సరిగా కనిపించాలంటే

పెట్టెలో అక్షరాల బదులు ఖాళీ చతురస్రాలు వస్తే మెషిన్‌లో తెలుగు ఫాంటు లేనట్టు. ఉందో లేదో చూడటానికి:

ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ

(ఎఫ్ సి, అడ్డగీత, ఎల్ ఐ ఎస్ టి, ఖాళీ, కోలన్, ఎల్ ఎ ఎన్ జి, ఈక్వల్స్ గుర్తు, టి ఇ. చివరి రెండక్షరాలు తెలుగు భాషకు వాడే కోడ్.)

ఏమీ రాకపోతే నోటో ఫాంట్ల ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. దాని పేరు ఫాంట్స్-నోటో-కోర్: ఎఫ్ ఓ ఎన్ టి ఎస్, అడ్డగీత, ఎన్ ఓ టి ఓ, అడ్డగీత, సి ఓ ఆర్ ఇ. తెలుగుతో పాటు తమిళం కూడా అందులోనే వస్తుంది. ఒకే నోటిఫికేషన్‌లో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ కలిపి రాసినా డన్‌స్ట్ చక్కగా చూపిస్తుంది.

ఇక సైజు. డన్‌స్ట్ మామూలుగా 8 సైజు ఫాంటు వాడుతుంది. ఇంగ్లీషుకు సరిపోతుందేమో గానీ తెలుగుకు చాలదు. "కి", "కీ" తేడా తెలియదు, ఒత్తులు కలిసిపోతాయి. పెద్దవాళ్లకైతే మరీ కష్టం. మార్చుకోవడం ఇలా:

1. ఈటీసీ ఫోల్డర్‌లో ఎక్స్‌డీజీ, అందులో డన్‌స్ట్ ఫోల్డర్ తెరవండి. అక్కడ డన్‌స్ట్‌ఆర్‌సీ అనే ఫైలు ఉంటుంది (డన్‌స్ట్ తర్వాత ఆర్ సి).
2. మీ హోమ్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్‌లో డన్‌స్ట్ పేరుతో ఫోల్డర్ చేసి, ఆ ఫైలును అందులోకి కాపీ చేయండి. అసలు ఫైలు జోలికి పోవద్దు. మీ కాపీలో ఏదైనా తేడా చేస్తే దాన్ని తీసేసి మళ్లీ కాపీ చేసుకోవచ్చు.
3. కాపీని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, ఫాంట్ అని మొదలయ్యే లైనులో మోనోస్పేస్ 8 ఉన్న చోట నోటో సాన్స్ తెలుగు 12 అని (ఇంగ్లీషులో, మూడు మాటల మొదటి అక్షరాలూ పెద్దవి) మార్చండి.
4. విడ్త్ అనే లైనులో ఉన్న 300ను 400 చేయండి. అక్షరాలు పెద్దవయ్యాక పెట్టె కూడా కాస్త వెడల్పుగా ఉండాలి.
5. సేవ్ చేసి, టెర్మినల్‌లో పీకిల్ డన్‌స్ట్ అని కొట్టి, మళ్లీ ఒక పరీక్ష నోటిఫికేషన్ పంపండి. కొత్త ఫాంటుతో వస్తుంది.

మెట్టు 4: ఏది ఎంతసేపు నిలవాలి?

నోటిఫికేషన్లకు మూడు స్థాయిలున్నాయి: లో, నార్మల్, క్రిటికల్. అదే ఫైలు కింది భాగంలో ఒక్కోదానికి ఒక్కో విభాగం కనిపిస్తుంది. ప్రతి విభాగంలోనూ టైమౌట్ అనే లైను ఉంటుంది. అక్కడున్న అంకె సెకన్లు. మామూలుగా లో, నార్మల్ రెండూ 10 సెకన్లకు పోతాయి. క్రిటికల్‌కు 0 ఉంటుంది. 0 అంటే వెంటనే పోవడం కాదు, మీరు మౌస్‌తో నొక్కి మూసేదాకా ఉండటం. దీన్ని మార్చవద్దు. ఎర్ర పెట్టె కనిపించి చిరాకుగా ఉందని 5 సెకన్లు పెట్టుకుంటే, మీరు నీళ్లు తాగడానికి లేచిన ఆ కాసేపట్లోనే హెచ్చరిక వచ్చి పోతుంది.

చూడటానికి ఇది కొట్టండి:

నోటిఫై-సెండ్ -యు క్రిటికల్ "చార్జర్" "వెంటనే పెట్టండి"

(అడ్డగీత పక్కన ఇంగ్లీషు అక్షరం యు. క్రిటికల్: సి ఆర్ ఐ టి ఐ సి ఎ ఎల్.)

ఐడిల్_థ్రెషోల్డ్ అనే లైను కూడా పనికొచ్చేదే. దాన్ని 120 చేస్తే, రెండు నిమిషాలుగా ఎవరూ కీబోర్డు గానీ మౌస్ గానీ ముట్టనప్పుడు వచ్చిన మామూలు నోటిఫికేషన్లు కూడా మీరు తిరిగొచ్చేదాకా ఆగుతాయి. లైను ముందు # గుర్తుంటే అది పనిచేయడం లేదని అర్థం. ఆ గుర్తు తీసేయండి.

చూసేలోపే పెట్టె మాయమైతే డన్‌స్ట్‌సీటీఎల్ హిస్టరీ-పాప్ అని కొట్టండి (హెచ్ ఐ ఎస్ టి ఓ ఆర్ వై, అడ్డగీత, పి ఓ పి). పోయిన చివరి నోటిఫికేషన్ తిరిగొస్తుంది.

మెట్టు 5: బ్యాటరీ హెచ్చరిక

అందుకునేది సిద్ధమైంది. ఇప్పుడు రాసేది కావాలి. సీబ్యాట్‌ఐకాన్ అనే చిన్న ప్రోగ్రామ్ బ్యాటరీని గమనిస్తూ ఉంటుంది. ఇంతకుముందులాగే సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ తర్వాత దాని పేరు కొట్టి ఇన్‌స్టాల్ చేయండి. ఇది ప్యానెల్‌లో బొమ్మగా కూర్చుంటుంది కాబట్టి టింట్2 లాంటి ప్యానెల్ ఉంటే మంచిది. తర్వాత ఆటోస్టార్ట్ ఫైలులో ఈ లైను చేర్చండి:

సీబ్యాట్‌ఐకాన్ -ఎల్ 35 -ఆర్ 20 &

ఎల్ పక్కనున్నది మొదటి హెచ్చరిక ఇచ్చే శాతం, ఆర్ పక్కనున్నది ప్రమాద హెచ్చరిక ఇచ్చే శాతం. కొత్త ల్యాప్‌టాప్‌లో 20, 5 చాలు. పాత బ్యాటరీల సంగతి వేరు. 25 శాతం చూపిస్తూ చూపిస్తూనే ఠక్కున ఆగిపోయేవి చాలా ఉన్నాయి. ఒకసారి ఫుల్ చార్జ్ చేసి, చార్జర్ తీసి, మీ మెషిన్ ఎన్ని శాతం దగ్గర ఆగిపోతోందో గమనించండి. ప్రమాద హెచ్చరిక దానికి కనీసం పది శాతం ముందే రావాలి.

చదువుకోవడానికి ఒక ఉపయోగం

నోటిఫై-సెండ్‌ను గడియారంలా వాడుకోవచ్చు. టెర్మినల్‌లో ఇలా కొట్టండి:

స్లీప్ 25ఎం; నోటిఫై-సెండ్ "చాలు" "లేచి కళ్లకు విశ్రాంతి ఇవ్వండి"

(స్లీప్: ఎస్ ఎల్ ఇ ఇ పి. 25 పక్కన ఖాళీ లేకుండా చిన్న ఎం అంటే నిమిషాలు.)

25 నిమిషాలకు పెట్టె వస్తుంది. ఆ టెర్మినల్ విండోను మాత్రం అప్పటిదాకా మూయొద్దు. లెక్కల పేపర్ ఇంట్లో రాసి చూసుకునేవాళ్లు 180ఎం పెట్టుకోవచ్చు.

రోజూ ఒకే వేళకు రావాలని కొందరు క్రాన్‌లో పెడతారు. క్రాన్ మీ డెస్క్‌టాప్‌కు బయట నడుస్తుంది, మీ డీ-బస్ చిరునామా దానికి తెలియదు. ఆ చిరునామా విడిగా చెప్పకపోతే నోటిఫికేషన్ రాదు. మొదట్లో పైన చెప్పిన పద్ధతే తేలిక.

ఆన్‌లైన్ క్లాసులో ఆపుకోవడం

మీ స్క్రీన్ అందరికీ చూపిస్తున్నప్పుడు అమ్మ పంపిన మెసేజో, నాన్న బ్యాంకు మెయిలో మూలన పైకి రావడం బాగుండదు. క్లాసుకు ముందు:

డన్‌స్ట్‌సీటీఎల్ సెట్-పాజ్‌డ్ ట్రూ

క్లాసయ్యాక ట్రూ బదులు ఫాల్స్ పెట్టండి. (సెట్-పాజ్‌డ్: ఎస్ ఇ టి, అడ్డగీత, పి ఎ యు ఎస్ ఇ డి.) మధ్యలో వచ్చినవి పోవు, ఫాల్స్ కొట్టగానే వరుసగా కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: ఆపినంతసేపూ బ్యాటరీ హెచ్చరిక కూడా ఆగుతుంది. కాబట్టి ముందు చార్జర్ పెట్టి, తర్వాతే ఆపండి.

తల్లిదండ్రులు తప్పక చదవాల్సింది

ఇన్నాళ్లూ బ్రౌజర్ నోటిఫికేషన్లు మీ మెషిన్‌లో సరిగా కనిపించి ఉండకపోవచ్చు. డన్‌స్ట్ పెట్టాక అవీ ఇదే పెట్టెలో వస్తాయి. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. పాటలు, సినిమాలు, ఉచిత గేమ్‌ల సైట్లు "నోటిఫికేషన్లు పంపమంటారా?" అని అడుగుతాయి. పిల్లలు చూడకుండా అలౌ నొక్కేస్తారు. ఆ తర్వాత "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది", "మీకు బహుమతి వచ్చింది" అంటూ పెట్టెలు మొదలవుతాయి. అవి కంప్యూటర్ చెబుతున్న మాటల్లా కనిపిస్తాయి. కానీ రాసింది ఆ సైటు వాళ్లు.

చేయాల్సింది ఇది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో పర్మిషన్స్ కింద నోటిఫికేషన్స్ పక్కనున్న సెట్టింగ్స్ తెరవండి. తెలియని సైట్లన్నీ తీసేయండి. కొత్త సైట్లు అసలు అడగకుండా ఆపే గడి కూడా అక్కడే ఉంది, దానికి టిక్ పెట్టండి. క్రోమ్‌లో అయితే సైట్ సెట్టింగ్స్ కింద నోటిఫికేషన్స్ చూడండి. నోటిఫికేషన్‌లో కనిపించిన నంబరుకు ఫోన్ చేయవద్దు. ఓటీపీ, కార్డు నంబరు ఎవరికీ చెప్పవద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నోటిఫికేషన్ రాకపోతే

- ఎర్రర్ చదవండి. నోటిఫై-సెండ్ కొట్టినప్పుడు టెర్మినల్‌లో ఏదైనా రాస్తే అది చదవండి. నోటిఫికేషన్స్ అనే పేరును ఏ సర్వీసూ ఇవ్వడం లేదని ఉంటే, అందుకునే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కాలేదు. మెట్టు 1 మళ్లీ చేయండి.
- సెట్టింగులు మార్చినా మారకపోతే ఇంకో సర్వర్ ఉందేమో చూడండి. మెషిన్‌లో ఇదివరకు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉండి ఉంటే దాని నోటిఫికేషన్ సర్వర్ మిగిలిపోయి ఉండొచ్చు. ఒకసారికి ఒక్క ప్రోగ్రామే అందుకోగలదు. టెర్మినల్‌లో డన్‌స్ట్ అని మాత్రమే కొడితే, ఆ చోటును ఎవరు ఆక్రమించారో పేరుతో సహా చెబుతుంది. ఆ ప్రోగ్రామ్‌ను తీసేసి, లాగౌట్ అయి రండి.
- అసలు ఏ ఎర్రరూ లేకుండా రాకపోతే పాజ్‌లో ఉందేమో చూడండి. పైన చెప్పిన కమాండ్ ఫాల్స్‌తో కొట్టండి.
- ఫైలు మార్చాక ఆగిపోతే మీ కాపీని వేరే పేరుకు మార్చి మళ్లీ పరీక్షించండి. అప్పుడు వస్తే తప్పు ఆ ఫైలులోనే ఉంది.

పూర్తయిందనుకునే ముందు

1. మెషిన్ ఆపి మళ్లీ వేయండి. ఏమీ ముట్టకుండా ఒక పరీక్ష నోటిఫికేషన్ పంపండి. రావాలి.
2. తెలుగులో రెండు లైన్ల మాట పంపి, ఇంట్లో పెద్దవాళ్లను రెండడుగుల దూరం నుంచి చదవమనండి. చదవలేకపోతే ఫాంటు ఇంకో రెండు సైజులు పెంచండి.
3. చార్జర్ తీసి, ముఖ్యమైన ఫైళ్లన్నీ మూసి, మొదటి బ్యాటరీ హెచ్చరిక వచ్చేదాకా ఆగి చూడండి. ఇది కళ్లారా చూసేదాకా పని అయినట్టు కాదు.
4. హెచ్చరిక వస్తుంది కదా అని సేవ్ చేయడం మానేయకండి. పది నిమిషాలకోసారి కంట్రోల్, ఎస్ నొక్కే అలవాటు ఎప్పటికీ మంచిదే.

ఎక్కడైనా ఆగిపోతే తెరమీద వచ్చిన ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుని, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకుని, కంప్యూటర్ ల్యాబ్ పీరియడ్‌లో మీ టీచర్‌కు చూపించండి. "రావడం లేదు సార్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎర్రర్ చూపిస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.